నీళ్ళు తాగడం మానేసిన లైబ్రేరియన్‌కి

ఓ మండల కేంద్రంలో శాఖా గ్రంథాలయం చూసుకుంటున్న ఒకావిడ రాసిన ఉత్తరం ఇది. ఆరు పేజీలుంది. ఊరూ పేరూ తెలిసే వివరాలు తీసేసి, సంగతులు మాత్రం ఇక్కడ చెబుతున్నాను.

ఆవిడకి 47 ఏళ్ళు. ఉద్యోగంలో చేరి 18 ఏళ్ళయింది. లైబ్రరీ పొద్దున 8 నుంచి 11 దాకా, సాయంత్రం 4 నుంచి 7 దాకా. శుక్రవారం సెలవు. ఇల్లు 14 కిలోమీటర్ల దూరం. మధ్యాహ్నం వెళ్ళి రావడం కుదరక, తలుపు ఓరగా వేసుకుని, క్యారేజీ తిని, రిజిస్టర్లు రాసుకుంటూ అక్కడే ఉంటారు. ఆరున్నరకి బయల్దేరితే మళ్ళీ ఇల్లు చేరేది రాత్రి ఎనిమిదికి. ఊడ్చి వెళ్ళే పార్ట్‌టైం మనిషి తప్ప తోడు ఎవరూ లేరు. ఏడాదిన్నరగా పక్క మండలం లైబ్రరీకి కూడా ఈవిడే ఇన్‌చార్జి, వారానికి రెండు రోజులు అక్కడికి వెళ్ళాలి.

ఉన్నవి 24 కుర్చీలు. పోటీ పరీక్షలకి చదువుకునే పిల్లలు 60 మంది దాకా వస్తారు. ఫ్యాను కింద సీటు కోసం రోజూ గొడవే. రాత్రి 10 దాకా తెరిచి ఉంచమని ఒత్తిడి. పేపరు ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కునే పెద్దమనుషులు. అందులో ఒకాయన "మా పన్నులతో జీతం తీసుకుంటున్నావు, గుర్తుంచుకో" అని అందరి ముందూ అరిచాడు. ఇంకొకతను పేపరు అడ్డం పెట్టుకుని ఈవిడనే చూస్తూ కూర్చుంటాడు, రెండుసార్లు ఫోన్ నంబరు అడిగాడు, ఒకసారి బస్టాపు దాకా వెనకే వచ్చాడు. కానిస్టేబుల్ పరీక్ష పోయిన ఒకమ్మాయి వచ్చి గంటసేపు ఏడ్చి, "బతకాలని లేదక్కా" అంది. ఆ రాత్రి ఈవిడకి నిద్ర పట్టలేదు. స్టాక్ చూస్తే 37 పుస్తకాలు కనబడలేదు, జీతంలో కోస్తారేమోనని భయం. భర్తకి చెబితే, "పుస్తకాలు చదువుకుంటూ కూర్చునే ఉద్యోగం, నీకేం టెన్షన్?" అన్నారట. పోయిన నెల, పుస్తకం చింపుకొచ్చిన పదేళ్ళ కుర్రాడి మీద గట్టిగా అరిచారు. వాడు మళ్ళీ రాలేదు.

"యోగా వీడియోలు చూశాను, ప్రాణాయామం రెండు రోజులు చేసి వదిలేశాను. ఎనిమిది నెలలుగా నేను ఒక్క పుస్తకం చదవలేదు. వాలంటరీ రిటైర్మెంట్ తీసుకోమంటారా, బదిలీ అడగమంటారా, లేకపోతే నేనే మారాలా?" అని అడుగుతున్నారు.

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నాలుగో పేజీలో, స్టాక్ సంగతికీ మీవారి మాటకీ మధ్య, ఒక్క ముక్క రాసి వదిలేశారు: "బాత్రూం లేదు కాబట్టి నీళ్ళు తాగడం మానేశాను." ఉత్తరం మొత్తంలో నన్ను ఎక్కువగా ఆపింది ఆ వాక్యమే. సాయంత్రం ఆరయ్యేసరికి తలనొప్పి, విసుగు, ఒళ్ళంతా మంట అని రెండో పేజీలో రాశారు. దాన్ని మీరు మనసు బలహీనత అనుకుంటున్నారు. పదమూడు గంటలపాటు నీళ్ళు సరిగ్గా తాగని ఏ మనిషికైనా తలనొప్పి వస్తుంది, ఎవరి మీదైనా అరవాలనిపిస్తుంది.

అందుకని మొదట ఒంటి సంగతి. పక్కన పీహెచ్‌సీ ఉందో, బడి ఉందో, మండల ఆఫీసు ఉందో, అక్కడ ఒక మహిళా ఉద్యోగితో మాట్లాడి బాత్రూం వాడుకునే ఏర్పాటు ఈ వారమే చేసుకోండి. దీనికి ఎవరి ఉత్తర్వూ అక్కర్లేదు, కాస్త మొహమాటం వదిలితే చాలు. లైబ్రరీలోనే కట్టించడం వేరే పని, దానికి అర్జీ కావాలి, ఏడాది పట్టొచ్చు. రెండూ మొదలుపెట్టండి, కానీ రెండోది అయ్యేదాకా ఒళ్ళు ఆగదు. ఒక శుక్రవారం హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగరు, బీపీ చూపించుకోండి. మీ వయసులో నెలసరి ఆగిపోయే ముందు నిద్ర చెదరడం, ఉన్నట్టుండి చెమటలు, చికాకు మామూలే. డాక్టరుకి ఆ మాట విడిగా చెప్పండి, మనం చెప్పకపోతే చాలామంది అడగరు. పాత పేపర్ల కట్టలు దులిపిన రోజు దగ్గు వస్తోందన్నారు. మాస్కు కట్టుకుని, పొడిగా దులపకుండా తడిగుడ్డతో తుడిపించండి.

ఇక రెండో విషయం. మీ బాధలన్నీ ఒకే మూటగా కట్టి, "నేను ఈ ఉద్యోగానికి పనికిరానేమో" అని దానికి పేరు పెట్టారు. మూట విప్పితే అందులో మీది కొంతే. చాలా భాగం పోస్టులు ఖాళీగా ఉండటం వల్ల వచ్చింది, కొంత చట్టానికి సంబంధించింది, కొంత ఆ ఊరిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఉద్యోగ అలసట గురించి చెప్పినప్పుడు మూడు గుర్తులు చెప్పింది: శక్తి పూర్తిగా అయిపోయినట్టుండటం, చేసే పని మీద విరక్తి, పని సరిగ్గా చేయలేకపోతున్నామన్న భావన. మీ ఉత్తరంలో మూడూ ఉన్నాయి. దాన్ని జబ్బుల కింద వేయలేదు, పనిచేసే చోట చాలాకాలం సర్దుబాటు కాని ఒత్తిడి వల్ల వచ్చేదనే రాశారు. రెండు రోజుల ప్రాణాయామానికి అది లొంగకపోవడంలో మీ తప్పేం లేదు.

లైబ్రేరియన్లకి ఇంకో చిక్కుంది. ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి కదా, ఆ సభల్లో వినే మాటలన్నీ ఒకటే: సరస్వతీ నిలయం, జ్ఞానదీపం, సేవ. గ్రంథాలయ ఉద్యమ పితామహుడని అయ్యంకి వెంకట రమణయ్య గారి పేరు చెబుతారు, పాతూరి నాగభూషణం గారు 1935లో కాలవ మీద నడిపిన పడవ లైబ్రరీ గురించి చెబుతారు. నాకూ ఆ కథలంటే ప్రాణమే. కానీ వాళ్ళెవరూ ఒంటిచేత్తో చేయలేదు. 1914లో బెజవాడలో పుట్టింది ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం. పేరులోనే సంఘం ఉంది. ఊరూరా కుర్రాళ్ళు, చందాలిచ్చేవాళ్ళు, పుస్తకాలు మోసేవాళ్ళు ఉంటేనే అది ఉద్యమమైంది. వంద మంది చేసిన పని తాలూకు గొప్పతనం ఇప్పుడు మీ ఒక్కరి భుజం మీద పెట్టి, పైగా శాలువా కప్పి పంపుతున్నారు. "దేవాలయం లాంటి చోట బాత్రూం గురించి ఎలా అడగను" అనిపించడం అక్కణ్ణుంచే వస్తుంది.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న దారులు చూద్దాం. ఏదీ ఖర్చు లేకుండా రాదు, అదీ చెబుతాను.

పదకొండు నుంచి నాలుగు దాకా ఉన్న ఐదు గంటలు మీకు విశ్రాంతీ కావు, డ్యూటీ లెక్కలోకీ రావు. ఆరు గంటల ఉద్యోగానికి పదమూడు గంటలు ఇంటి బయట ఉంటున్నారు. ఆ ఊళ్ళోనే మీలాగే దూరం నుంచి వచ్చే టీచర్లో, ఏఎన్ఎంలో ఉంటారు. ఇద్దరు ముగ్గురు కలిసి ఒక గది అద్దెకి తీసుకుంటే బాత్రూం సమస్య కూడా తీరుతుంది. నెలకి కొంత డబ్బు పోతుంది, ఇంట్లో "దేనికి దండగ" అంటారు. అది కుదరకపోతే, పదకొండుకి తలుపు పూర్తిగా వేసి గడియ పెట్టండి. ఓరగా వేసిన తలుపు తెరిచిన తలుపే. చాప పరుచుకుని ఒక గంట నడుం వాల్చండి. ఆ గంటలో రిజిస్టరు ముట్టుకోవద్దు. రాతపని కొంత వెనకబడుతుంది, నెలాఖరున ఇబ్బంది పడతారు కూడా. అయినా సాయంత్రం మూడు గంటలు మనిషిలా గడుస్తాయి. మూడోది, వేళలు మార్చమని రాతపూర్వకంగా అడగడం. ఇందులో జాగ్రత్త. ఏకధాటిగా 10 నుంచి 5 దాకా పెడితే మీకు హాయి, పరీక్షల పిల్లలకీ నచ్చుతుంది. కానీ పొద్దునే పేపరు కోసం వచ్చే పెద్దవాళ్ళూ, బడి వదిలాక వచ్చే పిల్లలూ పోతారు. పాఠకుల సంతకాలు లేకుండా అది మీ పేరు మీద వెళ్తే, రేపు వీళ్ళంతా మీ మీదికే వస్తారు.

మీ సెలవు శుక్రవారం, ఇంట్లోవాళ్ళది ఆదివారం. అంటే ఇన్నేళ్ళుగా మీ ఇంట్లో అందరూ కలిసి ఉండే వారపు సెలవే లేదు. మీకు ఏడాదికి 15 క్యాజువల్ లీవులుంటాయి. నెలకో ఆదివారం చొప్పున 12 వాడితే ఇంకా 3 మిగులుతాయి. ముందే దరఖాస్తు పెట్టి, బోర్డు మీద రాసి తీసుకోండి. జ్వరం వస్తే మిగిలినవి మూడే అన్న భయం ఉంటుంది, నిజమే. అయితే ఇప్పటిదాకా మీరు లీవులు దాచుకుని ఏం చేశారు? డిసెంబరులో మురిగిపోయాయని మీరే రాశారు.

మీవారి మాట గురించి నాకు కోపం రాలేదు. ఆయన ఎప్పుడూ చూడలేదు కాబట్టి అలా అనుకుంటున్నారు. ఒక ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఆయన్ని మీతో తీసుకెళ్ళి, మూల బెంచీ మీద కూర్చోబెట్టి, ఏడింటిదాకా ఉండమనండి. మీరేం వివరించనక్కర్లేదు.

పరీక్షల పిల్లల సంగతి. 24 కుర్చీల్లో 60 మందిని కూర్చోబెట్టడం ఎవరి వల్లా కాదు. మీరు రోజూ తీర్పరి స్థానంలో నిలబడుతున్నారు, అందుకే తిట్లన్నీ మీకే. ఆ పిల్లల్లోంచే ఒక అయిదుగురిని, ఇద్దరు అమ్మాయిలు తప్పకుండా ఉండేలా, ఎంచుకోమనండి. టోకెన్లు, రెండు బ్యాచీలు, ఫ్యాను కింద సీటు వంతులు, ఫోన్ బయట మాట్లాడటం అన్నీ వాళ్ళే రాసి గోడకి అంటిస్తారు. మొదటి పది రోజులు గొడవ ఎక్కువే అవుతుంది. ఒకడు పెత్తనం చేస్తాడు కూడా, నెలకోసారి మనుషుల్ని మార్చండి. రాత్రి 10 దాకా అంటే మాత్రం తాళం చెవి నోటిమాట మీద ఎవరికీ ఇవ్వకండి. ఏది పోయినా, ఏది జరిగినా రాతలో బాధ్యత మీది. రాత్రిపూట బడి గదో పంచాయతీ హాలో ఇవ్వమని ఆ పిల్లలే సర్పంచికి అర్జీ పెట్టుకుంటే మంచిది. ఉద్యోగం కోసం చదివేవాళ్ళకి ఒక అర్జీ రాయడం కూడా అలవాటవుతుంది.

పన్నుల మాటన్న పెద్దాయనకి జవాబు చెప్పాలని మీకు ఇప్పటికీ ఉంది, ఉత్తరంలో తెలుస్తోంది. ఆయన అన్నదాంట్లో సగం నిజం. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను ఉంది, 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద వసూలయ్యేది. దాన్ని స్థానిక సంస్థ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి జమ చేయాలి. ఈసారి అంటే చిరునవ్వుతో, "అవునండీ, మన ఊరి పన్ను బకాయి ఎంతుందో పంచాయతీలో కనుక్కుని చెప్పండి, రెండో పేపరు, నాలుగు కుర్చీలు వేయించుకుందాం" అనండి. పనిచేస్తుందో లేదో కానీ, లోపల పెట్టుకుని కుమిలిపోవడం కన్నా నయం. ఎవరికి తెలుసు, అరిచే గొంతు ఉన్న మనిషి, మీ తరఫున అరిచినా అరవొచ్చు.

వెనకాల వచ్చిన వాడి విషయం ఈ లెక్కలో కలపకండి. అది టెన్షన్ కాదు, నేరం. పనిచేసే చోట మహిళల మీద లైంగిక వేధింపుల చట్టం 2013లో వచ్చింది. అక్కడికి వచ్చిపోయే బయటివాళ్ళ నుంచి కూడా రక్షణ ఇవ్వాల్సిన బాధ్యత యజమానిదేనని అందులో ఉంది. వద్దన్నా వెంటపడటం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కిందికి వస్తుంది. ఏం చేయొచ్చంటే, ఒకసారి ఇద్దరు పాఠకులు వింటుండగా స్పష్టంగా "నంబరు అడగొద్దు, నా వెనక రావొద్దు" అని చెప్పండి. తేదీ, టైము, ఏం జరిగిందో ఒక నోటు పుస్తకంలో రాయండి. మీ పై అధికారికి కాగితం మీద ఇచ్చి, ఒక కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోండి. ఫిర్యాదు చేస్తే ఊళ్ళో నాలుగు మాటలంటారు, "ఆవిడ ఏం చనువిచ్చిందో" అనేవాడూ ఒకడుంటాడు. ఊరుకుంటే వాడు బస్టాపు దగ్గరే ఆగుతాడని నేను అనుకోను. పోలీసుల దాకా వెళ్ళాలా వద్దా అన్నది మీ నిర్ణయం. కాగితం మీద పెట్టడం మాత్రం ఆలస్యం చేయకండి. 181 మహిళా హెల్ప్‌లైన్, అత్యవసరమైతే 112. ఇంకోటి, మీ బల్ల తలుపుకి ఎదురుగా, వెనక గోడ ఉండేలా జరిపించుకోండి. చిన్న మార్పే, కానీ వీపు వెనక ఏం జరుగుతోందోనన్న బెదురు తగ్గుతుంది.

ఏడ్చిన ఆ అమ్మాయి గురించి. మీరు గంటసేపు వినడమే చాలా చేశారు. ఆ తర్వాత ఏం చేయాలో తెలియకే రాత్రంతా మోశారు. "బతకాలని లేదు" అన్న మాట ఎవరన్నా, భయపడకుండా సూటిగా అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా? ఏమైనా చేసుకోవాలనుకుంటున్నావా?" అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, అడిగారన్న ఊరట కలుగుతుంది. అవునంటే ఒంటరిగా పంపకండి, ఇంట్లో ఆమె నమ్మే ఒకరికి ఆమె ముందే ఫోన్ చేయండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416 ఉంది. రోజంతా, ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. దాన్ని పెద్ద అక్షరాలతో నోటీసు బోర్డులో, ఉద్యోగ ప్రకటనల పక్కనే అంటించండి. మీరు కౌన్సెలర్ కాదు, కానక్కర్లేదు కూడా. ఆ అమ్మాయి ఈ మధ్య కనబడుతోందా అన్నది మీరు రాయలేదు. కనబడకపోతే ఈ రోజే ఫోన్ చేయండి, సభ్యత్వ రిజిస్టర్లో నంబరు ఉంటుంది. ఆ 14416 మీకూ పనికొస్తుంది, ముఖ్యంగా నిద్ర లేని రాత్రులు వరసగా వచ్చినప్పుడు.

37 పుస్తకాల దగ్గరికి వద్దాం. ఇక్కడ మీరు అనవసరంగా ఎక్కువ భయపడుతున్నారని నాకనిపిస్తోంది. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నిబంధనల్లో (2017) 215వ నిబంధనలో ఒక మాటుంది: ఏడాదిలో ఇష్యూ చేసిన, చదవడానికి తీసిన ప్రతి వెయ్యి పుస్తకాలకి 5 పోవడం సహజమైన నష్టమే, దాని వెనక నిర్లక్ష్యం గానీ మోసం గానీ లేకపోతే. వెయ్యి రూపాయలు దాటిన పుస్తకం పోయినా, అరుదైన పుస్తకం పోయినా మాత్రం విచారణ తప్పదు. మీది రాష్ట్ర సంస్థ, ఇది మీకు నేరుగా వర్తించదు. కానీ మీ వివరణలో పోలికగా చూపించడానికి అడ్డేం లేదు. మీ లెక్కే వేద్దాం. గత తనిఖీ అయి నాలుగేళ్ళయిందన్నారు. రోజుకి 15 పుస్తకాలు ఇష్యూ అవుతాయన్నారు. ఏడాదికి 280 పనిదినాలనుకున్నా 4,200. వెయ్యికి 5 చొప్పున ఏడాదికి 21, నాలుగేళ్ళకి 84. మీకు కనబడనివి 37. ఈ లెక్కని, ఆ 37 పుస్తకాల అక్సెషన్ నంబర్లతో (రిజిస్టర్లో ఒక్కో పుస్తకానికి ఇచ్చే వరస నంబర్లు), ధరలతో కలిపి మీరే ముందుగా పైకి పంపండి. వాళ్ళు కనిపెట్టడం వేరు, మీరు చెప్పడం వేరు. అయినా కోత వేస్తారా? వేయొచ్చు. పాత పుస్తకాల మీద ముద్రించిన ధరలు చూసుకోండి, మీరు పోగొట్టుకున్న నిద్రతో పోలిస్తే అదేమంత మొత్తం కాకపోవచ్చు.

ఇన్‌చార్జి బాధ్యత తప్పించమని ఒంటరిగా అడిగితే, "అందరూ చేస్తున్నారు, మీకే కష్టమా" అంటారు. మీ జిల్లాలో మీలాగే రెండేసి లైబ్రరీలు చూస్తున్నవాళ్ళందరూ కలిసి, ఉద్యోగుల సంఘం ద్వారా, ఒక్కొక్కరి రోజుల లెక్కతో సహా ఇవ్వండి. కొత్త పోస్టులు రేపే రావు. వారానికి రెండు రోజుల బదులు ఒకటి, ప్రయాణ ఖర్చు, ఆ రోజు ఇక్కడ మూసి ఉంటుందని అధికారికంగా బోర్డు, ఇలాంటివి రావొచ్చు. ఆ బోర్డు ఉంటే సగం తిట్లు తగ్గుతాయి.

ఇక మీరు అడిగిన అసలు ప్రశ్న. వాలంటరీ రిటైర్మెంటుకి సాధారణంగా 20 ఏళ్ళ అర్హత సర్వీసు ఉండాలి, మీకు 18. పైగా 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవాళ్ళకి పింఛను లెక్కే వేరు. సర్వీసు రిజిస్టరు పట్టుకుని తెలిసిన వాళ్ళతో కాగితం మీద అంకెలు వేయించండి, ఆ తర్వాతే దాని గురించి ఆలోచించండి. బదిలీ వస్తే 14 కిలోమీటర్లు తగ్గొచ్చు, బాత్రూం ఉండొచ్చు. అక్కడా ఒక్కరే ఉంటారు, అక్కడా 60 మంది వస్తారు. అయినా ఇంటికి దగ్గర అన్న ఒక్క కారణానికే అడగడం న్యాయమే. ముందు ఒక నెల సెలవు పెట్టి చూడటం ఇంకో దారి: ఒళ్ళు కోలుకుంటుంది, బుర్ర తేటపడుతుంది, తిరిగొచ్చేసరికి పని గుట్టగా ఉంటుంది. నన్నడిగితే ఈ నెల సెలవు, వైద్య పరీక్షలు ముందు, తక్కిన నిర్ణయాలు తర్వాత. అలసిపోయినప్పుడు పెట్టిన రాజీనామాలు చాలా చూశాను.

మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పునాది వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ గారి పుట్టినరోజు ఆగస్టు 12న లైబ్రేరియన్ల దినోత్సవం జరుపుతారుగా. ఆయన 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రరీలో చేరిన కొద్ది రోజులకే ఉండలేక, నా పాత కాలేజీ పాఠాలే నాకిచ్చేయండని తిరిగి వెళ్ళి అడిగారు. లండన్ వెళ్ళి ఈ పని నేర్చుకుని రా, అప్పటికీ నచ్చకపోతే చూద్దామని పైవాళ్ళు అన్నారు. ఆయన బాధ ఏమిటో తెలుసా, లైబ్రరీలో మనుషులే లేరని! మీ 60 మందిలో సగం మందిని ఆ రోజు ఆయనకి పంపగలిగితే ఎంత బావుండేదో.

నేనూ మీలాంటి ఒక శాఖా గ్రంథాలయంలో కూర్చుని చదువుకున్నదాన్నే. అక్కడి లైబ్రేరియన్ గారి పేరు ఎప్పుడూ అడగలేదు. ఆయన మధ్యాహ్నం ఎక్కడ తినేవారో, నీళ్ళు ఎక్కడ తాగేవారో ఇప్పుడు మీ ఉత్తరం చదివాకే ఆలోచన వచ్చింది.

ఆ పదేళ్ళ కుర్రాడి సంగతొకటి మిగిలింది. వాడి సభ్యత్వ కార్డు మీద చిరునామా ఉంటుంది, లేదా వాడి క్లాసు పిల్లలు ఎవరో ఒకరు రోజూ మీ దగ్గరికి వస్తూనే ఉంటారు. "మేడమ్ రమ్మంటున్నారు, తిట్టడానికి కాదు" అని కబురు పంపండి. రాకపోతే పట్టుబట్టకండి. చిరిగిన పుస్తకం ఇంకా మీ సొరుగులోనే ఉందన్నారు. మధ్యాహ్నం గడియ పెట్టుకున్నాక, ఒక రోజు దాన్ని బయటికి తీసి బైండు అతికించండి. అతికించేముందు ఒకసారి చదవండి, పిల్లల పుస్తకమే కదా, అరగంటలో అయిపోతుంది. దాని పేరు మీరు రాయలేదు. ఈసారి ఉత్తరంలో రాయండి.